అప్‌డేట్: అక్క ఫైబ్రాయిడ్ 8 నుంచి 6.5కే తగ్గింది, చికిత్స ఫెయిలైనట్టేనా?

పైన రాసిన ప్రశ్న పోయినసారి ఇక్కడ అడిగింది నేనే. మిర్యాలగూడలో ఉండే మా అక్కకు గర్భసంచిలో గడ్డ ఉంటే, దానికి రక్తం వెళ్లే దారి మూసే ఎంబోలైజేషన్ చేయించాం. ఆరు నెలలకు 8 సెంటీమీటర్లు 6.5కే వచ్చిందని నాకు ఒకటే టెన్షన్.

మొన్న హైదరాబాద్‌లో రేడియాలజిస్టును కలిశాం. తప్పు నా లెక్కదే. అడ్డం కొలత కాదు, ఘనపరిమాణం చూడాలట. 6.5ని 8తో భాగించి ఘనం చేస్తే దాదాపు 0.54. అంటే గడ్డ సగానికి దగ్గరగా తగ్గినట్టే! ఇంటర్‌లో ఎంపీసీ చదివి ఇది తట్టలేదు నాకు. పైగా కాంట్రాస్ట్ (రక్తం అందే చోట తెల్లగా కనిపించేలా చేసే మందు) ఎక్కించి తీసిన ఎంఆర్‌ఐలో గడ్డ నల్లగానే ఉంది, రక్తం అందట్లేదు. సైజు కన్నా అదే ముఖ్యమన్నారు.

పోయినసారి జవాబుల్లో మీలో ఒకరు చెప్పిన టెక్స్చర్ అనాలిసిస్ గురించీ అడిగాను. స్కాన్‌లో ఒక్కో చుక్క బూడిదరంగు పక్క చుక్కతో ఎంత కలుస్తుందో కంప్యూటర్ లెక్క కడుతుంది. దీనికి 1973లో హరాలిక్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఇచ్చిన కొలతలు ఇప్పటికీ వాడుతున్నారు. మా మిల్లు బియ్యం దూరం నుంచి ఒకేలా తెల్లగా ఉంటాయి, గుప్పిట్లోకి తీసుకుంటేనే నూకెంతో తెలుస్తుంది. అలాంటిదే. కాకపోతే స్కానర్ మారితే అంకెలూ మారతాయి, అందుకే ఎక్కువగా పరిశోధనల్లోనే వాడతారట. మా రిపోర్టులో ఆ ఊసే లేదు.

అక్కకు బ్లీడింగ్ బాగా తగ్గింది. బావ మాత్రం “ఆపరేషన్ చేసి తీసేస్తే పోయేది కదా” అని ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.