రేసింగ్ ఆటల్లో ఏ కారుకు ఏ టైరు పట్టు సరిపోతుంది?

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

అందరికీ నమస్కారం. ప్రతి ఆదివారం రాత్రి శ్రీకాకుళం నుంచి నేను, ఆమదాలవలస నుంచి మా బావ, పలాస నుంచి మా చిన్నాన్నగారి అబ్బాయి, ఎవరింట్లో వారే ఉండి గ్రాన్ టురిస్మో 7 అనే కార్ల రేసు వీడియో గేమ్‌లో పందెం వేసుకుంటాం. రేసు ఏర్పాటు చేసే పని నాది కాబట్టి టైర్ల విషయంలో వచ్చే తగవు కూడా నా నెత్తినే పడుతోంది. ఆటలో టైర్లకు కంఫర్ట్, స్పోర్ట్స్, రేసింగ్ అని, పట్టు పెరిగే వరుసలో, మూడు తరగతులు ఉన్నాయి. ఒక్కో తరగతిలో మళ్లీ హార్డ్ (తక్కువ పట్టు), మీడియం, సాఫ్ట్ (ఎక్కువ పట్టు) ఉండటంతో పొడి రోడ్డుకే తొమ్మిది రకాలు అవుతున్నాయి. సుజుకి స్విఫ్ట్ స్పోర్ట్‌కు రేసింగ్ సాఫ్ట్ వేస్తే కారు రోడ్డుకు అతుక్కుపోయి, బ్రేకు ఎక్కడ వేసినా మలుపు తిరిగిపోతుంది. మేము మొదలుపెట్టిన వరుసలోనే రేసు ముగిస్తున్నాం. కంఫర్ట్ హార్డ్ వేస్తే తమ్ముడు రెండో ల్యాపుకే గడ్డిలోకి వెళ్లి చిన్నబుచ్చుకుంటున్నాడు. బావకు స్టీరింగు ఉంది, మా ఇద్దరివీ కంట్రోలర్లు. తక్కువ సమయంలో ల్యాపు పూర్తి చేయడం కన్నా ముగ్గురం చివరిదాకా దగ్గర దగ్గరగా పోటీ పడటమే మాకు ముఖ్యం. ఏ టైరు ఎంచుకోవాలో, ఎందుకు ఎంచుకోవాలో అనుభవం ఉన్నవారు వివరించగలరు.

గంటస్తంభం (విజయనగరం):

టైరు పట్టును ఒక అంకెగా చూస్తే ఎంపిక సులువవుతుంది. పొడి తారు రోడ్డు మీద మామూలు కారు టైరు ఆ కారు బరువులో సుమారు 0.8 నుంచి 0.9 వంతు బలాన్ని పక్కకు తట్టుకుంటుంది. మంచి స్పోర్ట్స్ టైరు దాదాపు 1 దాకా, గాడులు లేని రేసింగ్ టైరు, గాలి ఒత్తిడితో కారును రోడ్డుకు అదిమే రెక్కల సాయం లేకుండానే, 1.4 దగ్గర దాకా వెళ్తాయి. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును 0.85 పట్టుతో గంటకు 73 కిలోమీటర్ల వేగంతో తిరగగలిగితే, 1.4తో 94 దాకా వెళ్లవచ్చు. గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి ఆగడానికి మొదటి టైరుకు 46 మీటర్లు పడితే రెండోదానికి 28 చాలు. మీ పందెం జరగవలసిన చోటు ఆ 18 మీటర్లే. బ్రేకు వేసే దూరం పెరిగేకొద్దీ ఎవరు ముందు వేశారు, ఎవరు ఆలస్యం చేశారు అన్న తేడా బయటపడి, వెనుకనున్నవారికి లోపలి వైపు దూరే అవకాశం దొరుకుతుంది. పట్టు ఎక్కువైతే ఆ అవకాశం కుదించుకుపోతుంది.

ఇంజను బలాన్ని కూడా దీనితో కలిపి చూడాలి. 2017 నాటి స్విఫ్ట్ స్పోర్ట్ 970 కిలోల బరువు, 140 హార్స్‌పవర్ ఉన్న కారు. రేసింగ్ టైర్ల మీద ఆ ఇంజను టైరును ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు కాబట్టి డ్రైవరుకు యాక్సిలరేటరు పూర్తిగా తొక్కి ఉంచడం తప్ప వేరే పని ఉండదు. అందుకని షోరూము నుంచి వచ్చినప్పుడు ఆ కారుకు ఎలాంటి టైర్లు ఉంటాయో ఆ తరగతి నుంచే మొదలుపెట్టమంటాను. చిన్న కార్లకు కంఫర్ట్ మీడియం లేదా సాఫ్ట్, బలమైన స్పోర్ట్స్ కార్లకు స్పోర్ట్స్ హార్డ్ లేదా మీడియం సరిపోతాయి. రేసింగ్ టైర్లను రేసు కోసమే తయారైన కార్లకు వదిలేయండి, వాటి సస్పెన్షన్, రెక్కలు ఆ పట్టును లెక్కలోకి తీసుకునే తయారవుతాయి. పట్టు తగ్గించడం అసలు రేసులకూ కొత్త కాదు. మలుపుల్లో వేగాన్ని అదుపు చేయడానికి ఫార్ములా వన్‌లో 1998 నుంచి 2008 దాకా టైర్లకు గాడులు తప్పనిసరి చేశారు, 2009లో మళ్లీ నున్నటి టైర్లకు వచ్చారు.

మెట్ట వీధి (బొబ్బిలి):

గంటస్తంభం గారి లెక్కను ఒప్పుకుంటూనే, చేతిలో ఉన్న పరికరాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని మనవి చేస్తున్నాను. ముందు టైర్లు జారబోతున్నాయని స్టీరింగు ఒక్కసారిగా తేలికపడి మీ బావగారికి ముందే చెబుతుంది. కంట్రోలరు పట్టుకున్నవారు ఆ సంగతిని టైరు కీచుమనే శబ్దం వల్లనో, వణుకు వల్లనో గ్రహించాలి. పైగా బొటనవేలు కదిలే ఆ కాస్త దూరంలోనే మొత్తం మలుపును సర్దుకోవాలి. కాబట్టి ముగ్గురికీ ఒకే టైరు న్యాయమని నేను అనుకోను. మీ తమ్ముడికి మీ ఇద్దరికన్నా ఒక్క మెట్టు ఎక్కువ పట్టు ఇవ్వండి, అంతకు మించి వద్దు. కొందరు కొత్తవారికి ఇంజను బలం పెంచి ఇస్తారు, నా దృష్టిలో అది పొరపాటు. బలం తిన్నటి దారిలోనే ఉపయోగపడుతుంది, పైగా మలుపు దగ్గరికి ఇంకా ఎక్కువ వేగంతో తెచ్చి పడేస్తుంది. పట్టు మాత్రం అతను భయపడే చోటనే, అంటే బ్రేకు దగ్గర, మలుపు మధ్యలో ఆదుకుంటుంది.

వంశధార (నరసన్నపేట):

వాన పెట్టి ఆడేటట్లయితే పై లెక్కలన్నీ మారిపోతాయి. నున్నటి టైరుకు నీటిని పక్కకు తోసే గాడులు ఉండవు, నీటి పొర మీద తేలిపోతుంది. వానాకాలంలో శృంగవరపుకోట నుంచి అరకు ఘాట్ ఎక్కినవారికి అరిగిన టైరు ఏం చేస్తుందో వేరే చెప్పక్కరలేదు. తడి కొద్దిగా ఉంటే ఇంటర్మీడియట్, నీళ్లు నిలిస్తే హెవీ వెట్ వేసుకోండి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి త్సుకుబాలో, రెండు కిలోమీటర్ల చిన్న సర్క్యూట్ కావడం వల్ల, 10 ల్యాపులు పెట్టి చూశాం. నాకు, బావకు కంఫర్ట్ సాఫ్ట్, తమ్ముడికి స్పోర్ట్స్ హార్డ్ వేశాం. తమ్ముడు ఒక్కసారి కూడా గడ్డిలోకి వెళ్లలేదు. ఎనిమిదో ల్యాపులో వెనుక తిన్నటి దారి చివర బావ బ్రేకు ఆలస్యం చేసి, కుడివైపు పొడవుగా తిరిగే ఆఖరి మలుపులో బయటికి జారిపోతే, తమ్ముడు లోపలి నుంచి దాటి వెళ్లాడు. మా పందేల్లో వాడు బావను దాటడం అదే మొదలు. వచ్చే వారం 1989 నాటి మాజ్దా రోడ్‌స్టర్ తీసుకుందామంటున్నారు. ఇవే టైర్లు ఉంచవచ్చా?

గంటస్తంభం (విజయనగరం):

ఉంచవచ్చు. అది 940 కిలోల బరువు, 120 హార్స్‌పవర్ ఉన్న కారు కాబట్టి లెక్క పెద్దగా మారదు. అయితే స్విఫ్ట్‌లో ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది, రోడ్‌స్టర్‌లో వెనుక చక్రాలను తిప్పుతుంది. మలుపు మధ్యలో యాక్సిలరేటరును తొందరపడి తొక్కితే స్విఫ్ట్ బయటికి మాత్రమే వెళ్తుంది, రోడ్‌స్టర్ మాత్రం వెనుక భాగం జారి గిర్రున తిరిగిపోతుంది. మొదటి వారం తమ్ముడిని స్పోర్ట్స్ హార్డ్ మీదే ఉంచి, స్టీరింగు తిన్నగా అవుతున్న కొద్దీ యాక్సిలరేటరు పెంచడం అలవాటయ్యాక కంఫర్ట్ సాఫ్ట్‌కు దించండి.