సమస్య: "జింకఁ జూచి యేడ్చె సింహ మొకటి"

సమస్య ఇచ్చినవారు: ఆటవెలది. పూరణ సిక్కు సేనాని బందాసింగ్ బహదూర్ మీదే ఉండాలి. 1670లో జమ్మూ ప్రాంతపు రాజౌరిలో, రామ్‌దేవ్ కొడుకుగా పుట్టాడు, అప్పటి పేరు లక్ష్మణ్ దేవ్. రాజపుత్రులని ఎక్కువమంది అంటారు గానీ వంశం మీద మాట తేడాలున్నాయి, పద్యంలో దాని జోలికి పోకండి. సింగ్ అంటే సింహమే, దారి అక్కడుంది.

కొత్త సభ్యుడు: జిం–సిం యతి కుదురుతుందా అండీ?

ఇచ్చినవారు: కుదురుతుంది. చ ఛ జ ఝ లకు శ ష స లతో మైత్రి ఉంది, అచ్చు రెండు చోట్లా ఇకారమే.

పూరణ 1
వేట కేగి లేడి వేసిన యువకుడు
కడుపులోని కూన కనులఁ బడగ
విల్లు పారవైచి విలవిలలాడెను
జింకఁ జూచి యేడ్చె సింహ మొకటి

ఇచ్చినవారు: ధార బాగుంది తమ్ముడూ, మూడో పాదం దగ్గర గుండె పట్టేసింది. ఆ లేడి కడుపులో పిల్లల్ని చూశాకే బైరాగి అయ్యాడని చెప్తారు. కానీ ఇది ఏ వేటగాడికైనా సరిపోతుంది, పైగా అప్పటికి ఆయన సింగ్ కాడు. మాధవదాసు పేరుతో నాందేడ్‌లో మఠం పెట్టుకుని ఉండగా 1708లో సిక్కుల పదో గురువు గురు గోవింద్ సింగ్ వచ్చి కలిశాకే ఆ పేరు.

పూరణ 2
గౌతమి దరి గురుని కరుణచే సింహమై
బంద యనెడి పేరఁ బగరఁ గెలిచె
బాల్యమందు నతని బాణాన నొరిగిన
జింకఁ జూచి యేడ్చె సింహ మొకటి

బాసర సభ్యురాలు: మా గోదారే! మాకు ఎగువన నాందేడ్‌లో బందా ఘాట్ గురుద్వారా మెట్ల మీద కూర్చుని ఈ కథంతా విన్నాను. చాలా సంతోషం అక్కా.

ఇచ్చినవారు: కాలం చిక్కు చక్కగా విడిపోయింది. "బందా"ను గణం కోసం "బంద" చేయడం మాత్రం ఒప్పుకోలేను. 1710లో ఛప్పర్ చిరి దగ్గర సర్హింద్ మొగల్ పాలకుడు వజీర్ ఖాన్ సైన్యాన్ని ఓడించి సర్హింద్ పట్టుకుని, నాణేలు కొట్టిస్తే వాటి మీద తన పేరు కాదు, గురువుల పేర్లు వేయించినవాడు. పేరు వదిలేసి అర్థం పట్టుకోమ్మా, బందా అంటే దాసుడు.

పూరణ 2, సవరణ: రెండో పాదం ఇలా మార్చాను గురువు గారూ:
దాసుఁడనెడి పేర ధరణిఁ గెలిచె

ఇచ్చినవారు: ఇప్పుడు పద్యం నిలబడింది! 1716లో ఢిల్లీలో మొగలులు ఆయన్ని చంపేముందు నాలుగేళ్ళ కొడుకు అజయ్ సింగ్‌ని ఆయన కళ్ళముందే చంపారు. లేడి కూనల కోసం ఏడ్చినవాడు అక్కడ ఎలా కూర్చున్నాడో ఎవరైనా రాయండి, నేను మూడుసార్లు మొదలుపెట్టినా చెయ్యి సాగలేదు.