అప్‌డేట్: గేమ్ జెర్క్ సమస్య తీరింది, తప్పు ర్యామ్‌ది

పోయిన వారం అడిగాను కదండీ, కంప్యూటర్‌కి ప్రాసెసర్, మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్ (పని చేసేటప్పుడు వాడే మెమరీ) కొత్తవి వేయించినా గేమ్ పట్టి పట్టి ఆగుతోందని. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేశాను, లాభం లేదు. ఇక్కడ విజయనగరంలో గంటస్తంభం దగ్గర, వీటిని బిగించిన షాపులో అడిగితే గ్రాఫిక్స్ కార్డే మార్చమన్నారు. డబ్బు పెట్టేముందు మీ మాట విని టాస్క్ మేనేజర్‌లో (విండోస్‌లో కంప్యూటర్ పనితీరు చూపే చోటు) మెమరీ చూడటం ఎంత మంచిదైందో!

3200 స్పీడు డీడీఆర్4 ర్యామ్ 2133 దగ్గరే నడుస్తోంది. క్యాబినెట్ విప్పితే రెండు స్టిక్కులూ 1, 2 స్లాట్లలో పక్కపక్కనే ఉన్నాయి, అంటే ప్రాసెసర్‌కి డేటా వెళ్లే రెండు దారుల్లో ఒక్కదాన్నే (ఒకే ఛానెల్) వాడుకుంటున్నాయి. మాన్యువల్ ప్రకారం 2, 4 స్లాట్లలోకి మార్చాను. రెండోది ఒక పక్క పైకి లేచే ఉంది. బొటనవేలితో గట్టిగా నొక్కితే టక్‌మని క్లిప్ పడింది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగ్స్) ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ని దాని అసలు స్పీడులో నడిపే సెట్టింగ్, ఆన్ చేశాను. మొదటిసారి ఆన్ చేస్తే నిమిషం దాకా స్క్రీన్ నల్లగానే ఉంది, చాలా టెన్షన్ పడ్డాను. తర్వాత విండోస్ వచ్చేసింది.

నిన్న రాత్రి మా తమ్ముడూ నేనూ రెండు గంటలు ఆడాం. ఒక్కసారీ ఆగలేదు. స్లాట్లు చూడమన్నవారికి చాలా థాంక్సండీ.