1780 వెండి నాణెం వేలంలో కొన్నాను, అసలుదేనా? కాస్త అర్జెంట్

సేకరణమొదలు:
సాయంత్రం నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. ఆన్‌లైన్ వేలంలో 1780 నాటి వెండి నాణెం గెలిచాను. ఇవాళే చేతికొచ్చింది. చూస్తే నిన్ననే టంకశాలలోంచి బయటికొచ్చినట్టు మెరుస్తోంది. అంత పాత నాణెం ఇలా ఉంటుందా? నెట్‌లో వెతికితే అన్ని ఫోటోలూ ఒకేలా ఉన్నాయి. అమ్మినాయన్ని అడిగితే "ఒరిజినల్ వెండి, లిస్టింగ్ మళ్లీ చదవండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. వాపసు గడువు దగ్గర పడుతోంది, టెన్షన్‌గా ఉంది. అయస్కాంతం పెట్టి చూశాను, అతుక్కోలేదు. తిప్పి పంపాలా, ఉంచుకోవాలా?

అంచుచూడు:
ఏ దేశానిది? బరువెంత?

రాగికాసు:
మెరుస్తోందన్నారు కాబట్టి ముందే చెబుతున్నాను. వేలాల్లో సగం మోసం ఈ మెరుపులోనే ఉంది. నల్లబడ్డ నాణేన్ని రసాయనంలో ముంచి తీసి "కొత్తదానిలా ఉంది" అని రాస్తారు. దీపం కింద పెట్టి మెల్లగా వంచి తిప్పండి. టంకశాలలో వచ్చిన సహజమైన మెరుపైతే వెలుగు చారలు నాణెం చుట్టూ తిరుగుతాయి. తోమినదైతే ఒకే దిక్కుగా సన్నటి గీతలు కనిపిస్తాయి, మెరుపు అక్కడే నిలిచిపోతుంది. నాణెం స్థితిని చూసి అంకె వేసే గ్రేడింగ్ సంస్థలు అలాంటివాటికి మామూలు అంకె ఇవ్వవు, "శుభ్రం చేసినది" అని రాసి పంపిస్తాయి. మీరైతే దయచేసి దాన్ని తోమకండి. పేస్టు, నిమ్మకాయ, వంటసోడా, ఏదీ వద్దు. ఎన్నిసార్లు చెప్పినా జనం వినరు.

సేకరణమొదలు:
నేనేం తోమలేదండీ, తోముతాననీ అనలేదు. దేశం లిస్టింగ్‌లో లేదు, "యూరప్ రాణి" అని ఉంది. ఒకవైపు తల మీద ముసుగున్న లావుపాటి స్త్రీ, రెండోవైపు రెండు తలల పక్షి. చుట్టూ లాటిన్ అనుకుంటాను.

అంచుచూడు:
మరియా థెరిసా థేలర్. ఆస్ట్రియాను ఏలిన రాణి పేరిట వేసిన పెద్ద వెండి నాణెం. ఇది మొదటే చెప్పాల్సింది.

పాతలెక్కలు:
అబ్బ, మంచి నాణెం! మరియా థెరిసా 1780 నవంబరు 29న చనిపోయింది. కానీ ఎర్రసముద్రం అటూ ఇటూ, ఇథియోపియాలోనూ అరేబియాలోనూ వర్తకులు ఈ బొమ్మకే అలవాటు పడిపోయారు. వేరే బొమ్మ ఇస్తే అనుమానించేవాళ్లు. అందుకే సంవత్సరం మార్చకుండా 1780 అనే ముద్రిస్తూ పోయారు. 1935లో ఇథియోపియా మీదికి వెళ్లబోతూ ముస్సోలినీ ప్రభుత్వం ఈ నాణెం వేసే అచ్చులు వియన్నా నుంచి రోముకు తెప్పించుకుంది. దాంతో లండన్, పారిస్, బ్రస్సెల్స్ కూడా రంగంలోకి దిగాయి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బొంబాయి టంకశాలలో కూడా వేశారు. వియన్నాలో ఈ రోజుకీ వేస్తూనే ఉన్నారు. అన్నిటి మీదా 1780యే. మీది ఏ టంకశాలదో తేల్చడం ఒక సరదా అసలు. పక్షి తోక ఈకలు, రాణి భుజం మీది బ్రూచ్, తల మీది ముత్యాలు దగ్గర్నుంచి ఫోటో తీసి పెట్టండి.

సేకరణమొదలు:
అంటే నాది నకిలీయేగా! అదే కదా నేనడిగింది. ఫిర్యాదులో "నకిలీ నాణెం పంపాడు" అని రాసేస్తున్నాను.

అంచుచూడు:
అలా రాయకండి.

తూకంరాళ్లు:
ముందు తూకం వేయండి, తర్వాత ఏదైనా రాయండి. థేలర్ 28.07 గ్రాములు ఉండాలి, వెయ్యికి 833 పాళ్లు వెండి. అంచు మీద లాటిన్ అక్షరాలు ఉబ్బెత్తుగా ఉండాలి, చెక్కినట్టు లోపలికి ఉండకూడదు. అయస్కాంతం పరీక్షతో తేలేది తక్కువ. రాగి, ఇత్తడి కూడా అతుక్కోవు, అది ఇనుము లాంటి కొన్ని లోహాలనే పట్టిస్తుంది. నగలు తూచే చిన్న తూకం ఉంటే ఇలా చేయండి: గ్లాసులో నీళ్లు పోసి తూకం మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగుకూ పక్కలకూ తగలకుండా పూర్తిగా నీళ్లలో వేలాడదీయండి. అంకె 2.75 దగ్గర ఆగితే వెండి లెక్క సరిపోయినట్టే. రాగి, నికెల్ కలిపినదైతే 3.15 దాకా వెళ్తుంది.

సేకరణమొదలు:
నా దగ్గరున్న తూకం పూర్తి గ్రాముల్లోనే చూపిస్తుంది. 28 అంది. అక్షరాలు ఉబ్బెత్తుగానే ఉన్నాయి. ఇంకో సంగతి, లిస్టింగ్‌లో ఉన్నది యథాతథంగా పెడుతున్నాను: "1780 పురాతన వెండి నాణెం, ఒరిజినల్, చాలా అరుదు. ఒక పెద్దాయన సేకరణలోది. స్థితి 65. నాణేల గురించి నాకు పెద్దగా తెలియదు, ఫోటో చూసి మీరే నిర్ణయించుకోండి. ఫోటో నమూనా మాత్రమే, అలాంటిదే పంపుతాం. తర్వాతి ముద్రణ కావచ్చు." ఈ చివరి రెండు వాక్యాలూ ఫోన్‌లో "మరింత చదవండి" నొక్కితేనే వస్తాయి.

చిన్నక్షరాలు:
ఇంత ముఖ్యమైనది ఇప్పుడా చెప్పేది? ఇదంతా బాగా ఆలోచించి రాసిన లిస్టింగ్. "ఒరిజినల్" అన్న మాట చూడండి. చదివేవాళ్లు దాన్ని 1780కి తగిలించుకుంటారు, అడిగితే ఆయన వెండికి తగిలిస్తాడు. రెండూ ఆయనకే లాభం. "నాకు తెలియదు" అనేవాడు అమ్మిన మిగతా వస్తువులు తెరిచి చూడండి, వరసగా నాణేలే కనిపిస్తే తెలియకపోవడమేమిటి? 65 అనేది 70 అంకెల కొలమానంలోది. ఆ అంకె ఎవరిచ్చారు? పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థల ప్లాస్టిక్ పెట్టెలో ఉంటే దాని మీది నంబరు వాళ్ల వెబ్‌సైట్‌లో కొట్టి చూసుకోవచ్చు. అక్కడ ఫోటో ఉంటే మన నాణెంతో పోల్చాలి కూడా, ఎందుకంటే అసలు నంబరునే కాపీ కొట్టిన దొంగ పెట్టెలూ తిరుగుతున్నాయి. పెట్టె లేకుండా 65 అంటే అమ్మేవాడి సొంత అభిప్రాయం, అంతే. ఇక నమూనా ఫోటో. పాత నాణెం దేనికదే వేరు. ఒకదాని ఫోటో పెట్టి ఇంకోటి పంపుతామంటే బిడ్ వేసింది దేని మీద?
ఆ పక్కనే "టిబెటన్ సిల్వర్", "జర్మన్ సిల్వర్" అని కూడా అమ్ముతుంటారు. జర్మన్ సిల్వర్‌లో ఉండేది రాగి, నికెల్, జింకు. వెండి ఉండదు.

రాగికాసు:
ఇంత అవసరమా? చచ్చిపోయిన రాణి పేరుతో ఇప్పుడు వేసిన నాణెం నకిలీ కాక ఏమిటి?

పాతలెక్కలు:
కాదండీ. ప్రభుత్వ టంకశాల, అధికారిక ముద్ర, సరైన బరువు, సరైన వెండి. అది పునర్ముద్రణ. ఎవడో గ్యారేజీలో పోత పోసి వెండి పూత పూసింది నకిలీ. థేలర్‌కు అలాంటివీ ఉన్నాయి.

రాగికాసు:
కొన్నవాడి జేబుకు రెండూ ఒకటే.

చిన్నక్షరాలు:
జేబుకు ఒకటే కావచ్చు, ఫిర్యాదుకు కాదు. "నకిలీ" అని రాస్తే ఆయన వెండి పరీక్ష కాగితం తెచ్చి చూపిస్తాడు, మీ ఫిర్యాదు అక్కడితో మూసేస్తారు. "వర్ణనకు సరిపోలేదు" అనే కారణం ఎంచుకోండి. శీర్షికలో 1780 పురాతనం, ఒరిజినల్, అరుదు అని ఉందనీ, వచ్చింది కోట్లలో వేసిన తర్వాతి ముద్రణలా ఉందనీ, ఫోటోలోది ఈ నాణెం కాదనీ రాయండి. లిస్టింగ్ పేజీ మొత్తం, ఆ "మరింత చదవండి" భాగంతో సహా, ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీసుకోండి, ఆయన మార్చేస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. ఆయనతో మాటలన్నీ ఆ వేలం సైటులోపలే సాగాలి, ఫోన్లో వద్దు.

పాతలెక్కలు:
నిజానికి అది తర్వాతి ముద్రణ అని కూడా ఇంకా తేలలేదు. 1780లోనే వేసినవీ ఉన్నాయి. ఫోటోలు పెడితే కదా తెలిసేది. బ్రూచ్ ఒక్కటైనా పెట్టండి.

తూకంరాళ్లు:
నీళ్ల పరీక్ష కూడా చేయలేదు.

పాతలెక్కలు:
సేకరణమొదలు గారూ, ఉన్నారా?

సేకరణమొదలు:
హా, వాపసుకు ఒప్పుకున్నారు. ప్యాక్ చేసి పంపించేశాను. అందరికీ థాంక్స్.

పాతలెక్కలు:
అయ్యో, ఒక్క ఫోటో కూడా తీయకుండానే పంపేశారా? బొంబాయిలో వేసిందైతే నేనే తీసుకునేవాణ్ణి కదండీ. తోక ఈకలు ఎలా ఉన్నాయో గుర్తుందా కనీసం?