జనరేటర్‌కీ కంప్రెసర్‌కీ జాక్‌కీ ఒకే ఆయిల్ పోయొచ్చా?

షెడ్డు_పనిముట్లు

చిన్న వర్క్‌షాప్. ఉన్న మిషన్లు ఇవి: గాలితో చల్లబడే ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ జనరేటర్ (ఆయిల్ 0.6 లీటరు పడుతుంది), బెల్టు మీద తిరిగే పిస్టన్ కంప్రెసర్, టూ స్ట్రోక్ గడ్డి కోసే మిషన్, 3 టన్నుల ట్రాలీ జాక్.

15డబ్ల్యూ-40 (చిక్కదనం గ్రేడు) ఇంజన్ ఆయిల్ పెద్ద డబ్బా ఒకటి కొనేసి, గడ్డి మిషన్ తప్ప మిగతా మూడింటికీ అదే వాడొచ్చా? కంప్రెసర్‌లో ఇప్పటికే ఇంజన్ ఆయిల్ ఉంది. లెవెల్ చూసే అద్దంలో అది పాలలా తెల్లగా కనిపిస్తోంది. జనరేటర్ మాన్యువల్‌లో 10డబ్ల్యూ-30 అని ఉంది, కానీ బాగా ఎండగా ఉన్నప్పుడు గంటల తరబడి నడిపితే లెవెల్ తగ్గుతోంది. గడ్డి మిషన్‌కి పెట్రోల్‌లో ఆయిల్ 50:1 పాళ్లలో కలపమని రాశారు. అంతకంటే కాస్త ఎక్కువ కలిపితే ఇంజన్‌కి మంచిదేనా?

టర్నర్

జనరేటర్‌కి పోయొచ్చు. కంప్రెసర్‌కి వద్దు. జాక్‌కి అంత చిక్కటిది పనికిరాదు.

మీరు చిక్కదనం ఒక్కటే చూస్తున్నారు. అసలు తేడా ఆయిల్లో కలిపిన మందుల్లో ఉంది. ఇంజన్ ఆయిల్లో డిటర్జెంట్లు ఉంటాయి. పెట్రోల్ మండగా వచ్చిన మసినీ తేమనీ అవి కిందికి దిగనివ్వకుండా ఆయిల్లోనే పట్టి ఉంచుతాయి. ఆయిల్ మార్చినప్పుడు ఆ మురికంతా దాంతో పాటే బయటికి పోతుంది. ఇంజన్‌కి కావలసింది సరిగ్గా అదే.

కంప్రెసర్‌లో మంటా లేదు, మసీ లేదు. అక్కడ బెడద నీళ్లది. గాలిని అదిమితే అందులోని తేమ నీరుగా మారుతుంది, కొంత క్రాంక్‌కేస్‌లోకి (కింద ఆయిల్ ఉండే గదిలోకి) చేరుతుంది. కంప్రెసర్ ఆయిల్ అయితే ఆ నీటిని విడదీసి అడుక్కి వదిలేస్తుంది. ఇంజన్ ఆయిల్ వదలదు, తనలో కలిపేసుకుంటుంది. మీ అద్దంలో కనిపించే పాల రంగు అదే. అలాంటి ఆయిల్ బేరింగుల మధ్య పొరగా నిలబడదు, పైగా తుప్పు పట్టిస్తుంది.

రెండో నష్టం హెడ్‌లో, అంటే సిలిండర్ పైన వాల్వులుండే భాగంలో జరుగుతుంది. పిస్టన్ రింగులు దాటి కొద్దికొద్దిగా ఆయిల్ పైకి వెళ్లడం ఏ పిస్టన్ కంప్రెసర్‌కైనా తప్పదు. గాలి బయటికి వెళ్లే వాల్వు దగ్గర వేడి 150 డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో ఇంజన్ ఆయిల్లోని మందులు బూడిదగా మిగిలి, మసితో కలిసి వాల్వు ప్లేటు మీద పెచ్చు కడతాయి. హెడ్ విప్పి చూస్తే పలచటి స్టీలు పట్టీ వాల్వులు ఉంటాయి. ఆ పట్టీ అంచు కింద గోరుతో గీకితే రాలేంత మసి ఉన్నా చాలు, అది పూర్తిగా ఆనదు. ఆ సందులోంచి వేడి గాలి వెనక్కి వస్తుంది. అదే గాలిని మళ్లీ అదిమేసరికి వేడి ఇంకా పెరుగుతుంది, మసి ఇంకా కడుతుంది. బయటికి తెలిసే గుర్తు ఏమిటంటే, ట్యాంకు నిండడానికి ముందుకంటే ఎక్కువసేపు పడుతుంది. ఎయిర్ ఫిల్టర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. గాలిని లాగడమే కాకుండా మధ్యమధ్యలో బయటికి కొడుతుంటే లోపలికి తీసుకునే వాల్వు కూడా ఆనడం లేదన్నమాట. డెలివరీ పైపులో పేరుకున్న మసి అంటుకునే ప్రమాదం కూడా ఉంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకండి.

పోయవలసింది పిస్టన్ కంప్రెసర్ ఆయిల్, ఐఎస్‌ఓ వీజీ 100 (వీజీ అంటే చిక్కదనం గ్రేడు). చలి ఎక్కువ ఉన్నచోట వీజీ 68. డబ్బా మీద డిన్ 51506 వీడీఎల్ (జర్మన్ ప్రమాణం) అని ఉంటే అది ఎక్కువ వేడికి తట్టుకునే రకం. స్క్రూ కంప్రెసర్ ఆయిల్ ఎక్కువగా వీజీ 46 ఉంటుంది, పొరపాటున అది తేకండి.

రింగు_పిస్టన్

టర్నర్ గారు చెప్పినదానికి ఒక్క మినహాయింపు ఉంది. కొన్ని కంప్రెసర్లకు తయారీదారులే సింథటిక్ ఇంజన్ ఆయిల్ వాడమని మాన్యువల్‌లో రాస్తారు. అలా ఉంటే అదే పోయాలి. ఏమీ రాసి లేకపోతే మాత్రం పైన చెప్పిందే సరి.

ఇక జనరేటర్. ఎండలో 10డబ్ల్యూ-30 ఎక్కువ ఖర్చవడంలో వింత లేదు. గాలితో చల్లబడే సిలిండర్ గోడ, నీళ్లతో చల్లబడే ఇంజన్ కంటే బాగా వేడెక్కుతుంది. పలచబడిన ఆయిల్ రింగులు దాటి కాలిపోతుంది. దాదాపు 27 డిగ్రీలు దాటిన వాతావరణంలో ఎస్‌ఏఈ 30 (ఒకే గ్రేడు ఆయిల్) పోస్తే తగ్గడం అదుపులోకి వస్తుంది. చలి 4 డిగ్రీల కిందికి పోయేచోట మాత్రం అది స్టార్టింగ్‌కి మొరాయిస్తుంది. మీ 15డబ్ల్యూ-40 కూడా వేడిలో పనికొస్తుంది. 100 డిగ్రీల దగ్గర 30 గ్రేడు చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ ఉంటే, 40 గ్రేడు 12.5 నుంచి 16.3 మధ్య ఉంటుంది. అయితే కొనేముందు డబ్బా మీద ఏపీఐ (ఆయిల్ ఏ ఇంజన్‌కో తెలిపే గుర్తు) అక్షరాలు చూడండి. ఎస్ తో మొదలయ్యేవి (ఎస్‌జే, ఎస్ఎల్, ఎస్ఎన్) పెట్రోల్ ఇంజన్లకి, సి తో మొదలయ్యేవి (సీఎఫ్-4, సీహెచ్-4, సీఐ-4) డీజిల్‌కి. చాలా డబ్బాల మీద రెండూ కలిపి ఉంటాయి. మీకు ఎస్ రకం తప్పనిసరి.

ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి ఆయిల్ పంపూ ఉండదు, ఫిల్టరూ ఉండదు. కనెక్టింగ్ రాడ్ కింద చెంచా లాంటి ముక్క ఒకటి ఆయిల్లో మునిగి లేస్తూ చిమ్ముతుంటుంది, అంతే. అందుకే లెవెల్ విషయంలో ఇంత పట్టింపు. తగ్గితే ఆ చెంచాకి ఆయిల్ అందదు. ఎక్కువైతే నురగ కట్టి బ్రీదర్ (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) గుండా ఎయిర్ ఫిల్టర్‌లోకి వెళుతుంది, సైలెన్సర్ తెల్లపొగ వదులుతుంది. ఫిల్టర్ లేదు కాబట్టి కొత్త ఇంజన్ రాల్చిన ఇనుప రజను మొత్తం ఆ 0.6 లీటరులోనే తిరుగుతుంది. మొదటి మార్పు 20 గంటలకే చేయమనేది అందుకే. ఆ తర్వాత 100 గంటలకొకసారి, దుమ్ములోనూ పూర్తి లోడు మీదా నడిచేదానికి 50కే మార్చడం మేలు.

మార్చేటప్పుడు ఇంజన్‌ని ఐదు నిమిషాలు నడిపి ఆపి, గోరువెచ్చగా ఉండగా డ్రెయిన్ బోల్టు విప్పండి. నేల సమంగా ఉండాలి. చాలా మోడళ్లలో డిప్‌స్టిక్‌ని మర బిగించకుండా ఊరికే ఆనించి లెవెల్ చూడాలి. బిగించి చూస్తే ఉన్నదానికంటే ఎక్కువ కనిపిస్తుంది. ఎప్పుడైనా లెవెల్ తగ్గకుండా పెరిగి పెట్రోల్ వాసన వస్తే, కార్బురేటర్ ఫ్లోట్ నీడిల్ (పెట్రోల్ రాకని ఆపే సూది) సరిగా మూసుకోవడం లేదు. నీడిల్ బాగుచేసి, ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయండి.

రెండు_స్ట్రోకులు

గడ్డి మిషన్ సంగతి. 50:1 అంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకి 100. ఎక్కువ కలిపితే మంచిదనుకోవడం పొరపాటు. కార్బురేటర్ జెట్ గుండా వెళ్లే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోల్ వాటా తగ్గుతుంది, గాలితో కలిసే మిశ్రమంలో పెట్రోల్ పాలు తగ్గి ఇంజన్ ఇంకా వేడెక్కుతుంది. కాలని ఆయిల్ ఎగ్జాస్ట్ పోర్టు దగ్గరా, సైలెన్సర్‌లోని జల్లెడ మీదా గడ్డకడుతుంది, రింగులు గాడిలోనే అతుక్కుపోతాయి. మిషన్ మీద 25:1 అని రాసి ఉంటే మాత్రం లీటరుకి 40 పోయాల్సిందే.

ఆయిల్ డబ్బా మీద జాసో ఎఫ్‌డీ (టూ స్ట్రోక్ ఆయిల్‌కి జపాన్ ప్రమాణం) అని ఉన్న రకం తీసుకోండి. టీసీ-డబ్ల్యూ3 అని ఉన్నది పడవ ఇంజన్లకి, అంటే నీళ్లతో చల్లబడేవాటికి చేసింది. గాలితో చల్లబడి, ఎక్కువ ఆర్‌పీఎం మీద తిరిగే ఇంజన్ వేడికి అది సరిపోదు. కలిపిన పెట్రోల్ 30 రోజుల్లో వాడేయండి, పోసే ముందు క్యాన్ బాగా కుదపండి.

షెడ్డు_పనిముట్లు

చాలా స్పష్టంగా చెప్పారండి. కంప్రెసర్‌లో ఆ తెల్ల ఆయిల్ తీసేశాక లోపల కిరోసిన్‌తో కడగాలా? జాక్‌కి ఏది పోయాలి?

టర్నర్

కిరోసిన్ వద్దు. ఎంత వంపినా మూలల్లో కొంత మిగిలిపోతుంది. అది కొత్త ఆయిల్‌ని పలచబరచడమే కాకుండా తక్కువ వేడికే అంటుకునేలా చేస్తుంది. వేడి హెడ్ ఉన్న కంప్రెసర్‌లో అది ప్రమాదం.

పది నిమిషాలు నడిపి వెచ్చబడ్డాక ఆపండి, కరెంటు ప్లగ్ పీకండి, ట్యాంకులో గాలి మొత్తం వదిలేయండి. ఆయిల్ వంపి కొత్తది పోసి ఒక గంట నడపండి, మళ్లీ వంపేసి ఇంకోసారి కొత్తది పోయండి. కడగడమంటే ఇక్కడ ఇదే. లెవెల్ అద్దంలోని ఎర్ర చుక్క మధ్యకి ఉంటే చాలు. ఆ తర్వాత కూడా తెల్లబడుతుంటే కంప్రెసర్ వేడెక్కేలోపే ఆగిపోతోందని అర్థం. వారానికి ఒకసారైనా అరగంట ఆపకుండా పని ఇచ్చి తేమ ఆవిరయ్యేలా చూడండి. ట్యాంకు కింది నీటి వాల్వు రోజూ విప్పాలి.

జాక్‌కి ఐఎస్‌ఓ వీజీ 32 హైడ్రాలిక్ ఆయిల్, లేదా వీజీ 22. 15డబ్ల్యూ-40 పోస్తే వెంటనే పాడవదు గానీ చల్లగా ఉన్నప్పుడు దిగడానికి మొండికేస్తుంది. బ్రేక్ ఆయిల్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పోయొద్దు. అది గ్లైకాల్, జాక్‌లోని రబ్బరు సీళ్లని ఉబ్బించి పాడుచేస్తుంది. రిలీజ్ వాల్వు వదులు చేసి జాక్‌ని పూర్తిగా కిందికి దించి, రబ్బరు ప్లగ్ తీసి, రంధ్రం కింది అంచు వరకు పోయండి. వాల్వు వదులుగానే ఉంచి హ్యాండిల్ 10, 15 సార్లు కొడితే లోపలి గాలి బయటికి వస్తుంది. లెవెల్ మళ్లీ చూసి ప్లగ్ పెట్టండి. జాక్ పైకి లేచి ఉండగా పోస్తే, దించినప్పుడు వెనక్కి వచ్చే ఆయిల్‌కి చోటు లేక ప్లగ్ ఊడుతుంది.

అదే వీజీ 32 నట్లు విప్పే గాలి గన్నులకీ పనికొస్తుంది. పని మొదలుపెట్టే ముందు గాలి వెళ్లే రంధ్రంలో మూడు నాలుగు చుక్కలు వేయండి. కంప్రెసర్ నుంచి వచ్చే తేమకి ముందు తుప్పు పట్టేది గన్ను లోపలి రెక్కల చుట్టూ ఉండే సిలిండరే.