ప్రణాళికా సంఘం పోయింది సరే, పెట్టుబడి ఎక్కడ పెట్టాలో ఇప్పుడు తేల్చేదెవరు?

కృష్ణాతీరం (చర్చ మొదలుపెట్టినవారు)
2015 జనవరి 1న ప్రణాళికా సంఘం స్థానంలో నీతి ఆయోగ్ వచ్చింది. 12వ పంచవర్ష ప్రణాళిక 2017లో ముగిసింది, 13వది లేనే లేదు. కేంద్రం పెట్టుబడి వ్యయం (రోడ్లు, రైళ్లలాంటి ఆస్తుల మీద పెట్టేది) చూస్తే 2019-20లో దాదాపు రూ.3.36 లక్షల కోట్లు, 2025-26 బడ్జెట్‌లో రూ.11.21 లక్షల కోట్లు. ఇంత సొమ్ము ఏ రాష్ట్రానికి, ఏ పనికి వెళ్లాలో తేల్చేది ఆర్థిక శాఖ, ఆయా మంత్రిత్వ శాఖలు. నీతి ఆయోగ్ సలహాలిస్తుంది, నిధులు పంచే అధికారం దానికి లేదు. ఐదేళ్ల ప్రణాళిక మళ్లీ రావాలంటాను. కాదంటే ఎందుకో చెప్పండి.

పాతఫైలు
యోజనా భవన్ (ప్రణాళికా సంఘం ఆఫీసు) మీద అంత బెంగ దేనికండీ? ఎన్నికైన ముఖ్యమంత్రులు ఏటా ఢిల్లీ వెళ్లి, నామినేటెడ్ సభ్యుల ముందు కూర్చుని వార్షిక ప్రణాళిక సైజు ఖరారు చేయించుకొచ్చేవారు. పైగా ప్లాన్, నాన్‌ప్లాన్ అని రెండు పద్దులు. కొత్త ఆస్పత్రి కడితే ప్లాన్, ఆ ప్రణాళికా కాలం దాటాక అందులో నర్సు జీతం నాన్‌ప్లాన్. భవనాలు లేచేవి, పోస్టులు ఖాళీగా ఉండేవి. 2017-18 నుంచి ఆ గీత చెరిపేశారు, పీడ విరగడైంది.

కృష్ణాతీరం
ఆ తంటా నిజమే. కానీ రాష్ట్రాలకు ప్రణాళికా సాయం పంచడానికి 1969 నుంచి గాడ్గిల్ సూత్రం ఉండేది కదా, జనాభాకే 60 శాతం వెయిటేజీ. రాష్ట్రానికి ఎంతొస్తుందో, ఎందుకొస్తుందో అడగడానికి ఒక లెక్క ఉండేది.

ఉక్కునగరం
లెక్కల గొప్పదనం మా విశాఖ వాళ్లకు చెప్పకండి బ్రదర్. రెండో ప్రణాళికలో ఉక్కు ఫ్యాక్టరీలు భిలాయ్‌కి, రూర్కెలాకి, దుర్గాపూర్‌కి వెళ్లాయి. మనకు కావాలంటే 1966లో రోడ్డెక్కాల్సి వచ్చింది, 32 మంది ప్రాణాలు పోయాయి. శంకుస్థాపన 1971లో, జాతికి అంకితం 1992లో! ఆ ఇరవై ఏళ్లూ ప్రణాళికా సంఘం ఉన్నట్టేగా?

పద్దులపిచ్చి
ఇప్పుడున్నదీ పూర్తిగా లెక్కలేనిదేం కాదు. పెట్టుబడి పనుల కోసం కేంద్రం రాష్ట్రాలకిచ్చే 50 ఏళ్ల వడ్డీలేని అప్పు 2020-21లో రూ.12 వేల కోట్లతో మొదలై, 2024-25 బడ్జెట్‌కి రూ.1.5 లక్షల కోట్లకు చేరింది. మామూలు అప్పుల పరిమితికి అదనం కూడా. కాకపోతే అందులో కొంత భాగానికి షరతులుంటాయి: పాత వాహనాలు తుక్కుకి పంపాలి, పట్టణ ప్రణాళిక నిబంధనలు మార్చాలి. ఆ షరతులు రాసేది ఆర్థిక శాఖ ఒక్కటే. ముఖ్యమంత్రులంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని దీన్ని తేల్చుకున్నది ఎక్కడ? నా గొడవ అదొక్కటే.

ఎడమకాలువచివర
పాతఫైలు గారూ, పీడ విరగడైందన్నారు, పేరు మార్చుకుంది అంతే. సాగర్‌కి 1955లో శంకుస్థాపన, 1967లో కాలువలకు నీళ్లు. మా మేజరు (పెద్ద పిల్లకాలువ) మీద తూము షట్టరు తుప్పు పట్టి పైకీ లేవదు, కిందికీ దిగదు. వరి నాట్లప్పుడు ఇసుక బస్తాలు అడ్డం వేసి నీళ్లు తిప్పుకుంటాం, తెల్లారేసరికి పైవాళ్లు వాటిని లాగేస్తారు. ఆ షట్టరుకి గ్రీజు, మరమ్మతు, లస్కరు (కాలువ కాపలా మనిషి) జీతం, ఇవన్నీ రెవెన్యూ ఖర్చు, అంటే రోజువారీ నిర్వహణ ఖర్చు. కొత్త ఎత్తిపోతలైతే పెట్టుబడి వ్యయం, శిలాఫలకం కూడా దక్కుతుంది. వడ్డీలేని అప్పు దేనికొస్తుందో మీరే చెప్పండి. చెడిందాకా వదిలేసి, 2010లో ప్రపంచ బ్యాంకు దగ్గర అప్పు తెచ్చి సాగర్ కాలువలను ఆధునీకరించారు. ప్రణాళికా సంఘం ఉన్నా లేకపోయినా మాకు ఒరిగిందేమీ లేదు.

పాతఫైలు
లస్కరు జీతం ఢిల్లీ పని కాదు కదండీ! 14వ ఆర్థిక సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటాను 32 నుంచి 42 శాతానికి పెంచింది, తర్వాత 41 అయింది. ఆ డబ్బుకి షరతుల్లేవు. షట్టరు గురించి అడగాల్సింది రాష్ట్ర బడ్జెట్‌ని.

ఎడమకాలువచివర
అక్కడా అడిగాం సార్. నిర్వహణ పద్దులో కేటాయింపు ఉందన్నారు, విడుదల కాలేదన్నారు.