సర్జరీ కోసం దేశం దాటితే నిజంగా మిగిలేదెంత?

శ్రీను_ఈస్ట్‌హామ్

అందరికీ నమస్తే. నాకు 31 ఏళ్లు. లండన్‌లో ఈస్ట్ హామ్‌లో ఉంటాను, ఐటీ ఉద్యోగం. ఐదేళ్లుగా ముందు జుట్టు వెనక్కి పోతోంది, ఈ మధ్య నడినెత్తి కూడా పలచబడింది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. రెండు చోట్ల ఫోటో చూశాక మళ్లీ ఫోన్ రాలేదు. అమ్మ పైకి అనదు కానీ, ఈసారి టోపీ లేకుండా దిగిన ఫోటో ఒక్కటి కూడా పంపించొద్దంది. "జుట్టుదేముందిలే" అని దయచేసి ఎవరూ చెప్పొద్దు, ఆ మాట చాలాసార్లు విన్నాను.

హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు మూడు చోట్ల రేట్లు అడిగాను. లండన్‌లో 3,000 గ్రాఫ్టులకు (తల వెనక నుంచి తీసి ముందు నాటే వెంట్రుకల కుదుళ్లు) 6,500 పౌండ్లు. ఇస్తాంబుల్‌లో 2,200 పౌండ్లు. అందులోనే మూడు రాత్రుల హోటల్, ఎయిర్‌పోర్ట్ నుంచి కారు, మందులు, షాంపూ అన్నీ. గ్రాఫ్టులు 4,500 దాకా ఎన్ని పెట్టినా అదే రేటు. హైదరాబాద్‌లో లక్షా ఇరవై వేల రూపాయలు. సంక్రాంతికి ఎలాగూ వెళ్తాను కాబట్టి టికెట్ ఖర్చు లెక్కలోకి రాదు.

ఇస్తాంబుల్ వాళ్లు శుక్రవారం లోపు 300 పౌండ్లు డిపాజిట్ కట్టమంటున్నారు. ఇంత తేడా ఉన్నప్పుడు దేశం దాటి వెళ్లడం తప్పా? వెళ్లొచ్చినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

కిరణ్_బర్మింగ్‌హామ్

తమ్ముడూ, నేను 2022లో ఇస్తాంబుల్‌లోనే చేయించుకున్నాను. నా అనుభవం బాగుంది.

పొద్దున డాక్టర్ వచ్చి నుదుటి మీద మార్కర్‌తో గీత గీశాడు. అద్దంలో చూపించి సరేనా అన్నాడు, నేను సరేనన్నాను. పది నిమిషాల పని. తర్వాత ఏడు గంటలు ఇద్దరు టెక్నీషియన్లు చేశారు. వాళ్లకు ఇంగ్లిష్ రాదు. ఏదన్నా అడగాలంటే ఫోన్‌లో ట్రాన్స్‌లేటర్. మత్తు సూదులు గుచ్చేటప్పుడు మాత్రం కళ్లలో నీళ్లొచ్చాయి, ఆ తర్వాత నొప్పి లేదు. మూడో రోజు వాళ్లే తల కడిగి పంపారు. తిరుగు ప్రయాణంలో పాస్‌పోర్ట్ లైన్‌లో నా ముందు ఏడుగురికి నాలాగే తలకు నల్ల బ్యాండ్ ఉంది. పద్నాలుగు నెలలకు జుట్టు నిండుగా వచ్చింది. పెళ్లి కూడా అయింది.

రేటు తక్కువంటే పని నాసిరకమని అర్థం కాదు. అక్కడ జీతాలు తక్కువ, అద్దెలు తక్కువ, టర్కీ కరెన్సీ లీరా విలువ పడిపోయింది. లండన్ క్లినిక్ అద్దె మనం ఎందుకు కట్టాలి? మనం చదువుకోవడానికి, ఉద్యోగానికి దేశాలు దాటి వచ్చినవాళ్లమే. వైద్యానికి మాత్రం దాటకూడదా?

లీడ్స్_నర్సు

కిరణ్ గారు, మీకు బాగా జరిగింది, సంతోషం. కానీ మీరు రాసిన దాంట్లోనే నాకు భయం వేసిన ముక్క ఉంది. డాక్టర్ పది నిమిషాలు, మిగతా ఏడు గంటలు టెక్నీషియన్లు. నెత్తిలోంచి వేల సంఖ్యలో రంధ్రాలు చేసి వెంట్రుకలు తీసేది చిన్న పని కాదు. ఎక్కడ తీయాలి, ఎంత లోతు, ఎక్కడ ఆపాలి అనేదంతా ఆ చేతిలోనే ఉంటుంది. మీకు దొరికిన చెయ్యి మంచిది. ఆ చెయ్యి ఎవరిదో మీకు ముందు తెలియదు, ఇప్పటికీ తెలియదు.

నేను సర్జికల్ వార్డులో పని చేస్తాను. ఒకామె పొట్ట సర్జరీ చేయించుకుని ఎయిర్‌పోర్ట్ నుంచి నేరుగా మా దగ్గరికి వచ్చింది. కుట్లు విడిపోయి చీము కారుతోంది. చేతిలో టర్కిష్‌లో రాసిన రెండు పేజీలు. ఏ యాంటీబయాటిక్ ఎన్ని రోజులు ఇచ్చారో తెలుసుకోవడానికి మాకు సగం రోజు పట్టింది. క్లినిక్ నంబర్‌కు ఫోన్ చేస్తే డిపాజిట్ తీసుకున్న అమ్మాయే ఎత్తింది, డాక్టర్ లైన్లోకి రాలేదు.

బ్రిటన్ ప్రభుత్వం ప్రయాణ సూచనల్లోనే రాసింది, 2023లో టర్కీలో వైద్యం కోసం వెళ్లి ఆరుగురు బ్రిటిష్ పౌరులు చనిపోయారని. ఇంకో సంగతి. మామూలు ట్రావెల్ ఇన్సూరెన్స్ మనం ముందే అనుకుని చేయించుకునే సర్జరీకి సాధారణంగా వర్తించదు. తిరిగొచ్చాక ఇన్ఫెక్షన్ అయితే ఇక్కడి ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ ప్రాణం కాపాడుతుంది. గీత వంకరగా ఉందనో, మచ్చ పడిందనో వెళ్తే సరిచేయదు.

కిరణ్_బర్మింగ్‌హామ్

అక్కా, మీ మాట కాదనను. కానీ ఆ ఆరుగురితో జుట్టును కలపొద్దు. పిరుదుల్లో కొవ్వు ఎక్కించడం, పొట్ట కోయడం, బరువు తగ్గే ఆపరేషన్లు వేరు. నేను మెలకువతో కూర్చుని ఫోన్‌లో మ్యాచ్ చూస్తూ చేయించుకున్నాను.

పీజీ_ప్లాస్టిక్స్

హైదరాబాద్‌లో ప్లాస్టిక్ సర్జరీ పీజీ చేస్తున్నాను. ఈ ఒక్క విషయంలో కిరణ్ గారిదే కరెక్ట్. అన్నిటినీ "కాస్మెటిక్ సర్జరీ" అని ఒకే గంపలో వేస్తే చర్చ ముందుకు వెళ్లదు.

లైపోసక్షన్ (కొవ్వు పీల్చి తీయడం), పొట్ట, పిరుదుల సర్జరీల్లో ప్రాణం తీసేవి ముఖ్యంగా రెండు. కాళ్ల రక్తనాళాల్లో కట్టిన రక్తపు గడ్డ ఊపిరితిత్తులకు వెళ్లడం ఒకటి, కొవ్వు రక్తనాళంలోకి దూరి అదే దారి పట్టడం ఇంకోటి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్క ప్రకారం 2009 నుంచి 2022 వరకు కరీబియన్ దేశం డొమినికన్ రిపబ్లిక్‌లో కాస్మెటిక్ సర్జరీ తర్వాత 93 మంది అమెరికన్ పౌరులు చనిపోయారు. వివరంగా పరిశీలించిన మరణాల్లో ఎక్కువ భాగానికి ఈ రెండే కారణం. చాలామంది ఒకే రోజు రెండు మూడు సర్జరీలు కలిపి చేయించుకున్నవాళ్లు. ఎలాగూ ఇంత దూరం వచ్చాం, టికెట్ పెట్టుకున్నాం, అన్నీ ఒకేసారి కానిచ్చేద్దాం అనిపిస్తుంది. దూరం వెళ్లడంలో అసలు ప్రమాదం అక్కడే మొదలవుతుంది. దానికి తోడు కదలకుండా కూర్చునే విమాన ప్రయాణం. అందుకే లైపోసక్షన్, రొమ్ము సర్జరీల్లాంటి వాటి తర్వాత ఐదు నుంచి ఏడు రోజులు, ముఖం, పొట్ట మీద చేసేవాటికి ఏడు నుంచి పది రోజులు విమానం ఎక్కొద్దని ఎన్‌హెచ్‌ఎస్ చెబుతుంది. ప్యాకేజీలో హోటల్ మూడు రాత్రులే ఉంటుంది.

జుట్టు విషయంలో ప్రాణభయం చాలా తక్కువ, అసలు లేదని కాదు. కాన్పూర్‌లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత ఇద్దరు ఇంజనీర్లు చనిపోయారన్న ఫిర్యాదుల మీద 2025లో ఒక డెంటిస్టుపై కేసు పెట్టారు. మన దేశంలోనే ఇలా ఉంటే, హైదరాబాద్ అనగానే సేఫ్ అనుకోకండి. యూట్యూబ్‌లో చూసి, వర్క్‌షాపుకు వెళ్లి నేర్చుకున్నది హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కు చాలదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాతపూర్వకంగా చెప్పాల్సి వచ్చింది. పరిస్థితి ఎలా ఉందో దాన్నిబట్టే అర్థం చేసుకోండి.

శ్రీను గారూ, నన్ను ఆపింది "4,500 దాకా ఎన్ని పెట్టినా అదే రేటు" అన్న మాట. మీ తల వెనక, చెవుల పైన ఉన్న జుట్టే మీ నిల్వ. అక్కడ తీసిన వెంట్రుక అక్కడ మళ్లీ మొలవదు. మీకు 31. బట్టతల ఇంకా సాగుతోంది. ఇవాళ ముందు భాగం నింపడానికి 4,500 తీసేస్తే, నలభైలో నడినెత్తి ఖాళీ అయినప్పుడు ఏం తెచ్చి పెడతారు? వెనక జుట్టు అతిగా తీస్తే చెదలు తిన్న గుడ్డలా కనిపిస్తుంది. అది సరిచేయడం చాలా కష్టం. మంచి డాక్టర్ మీకు ముందు మందులు వాడమని, ఏడాది ఆగి చూద్దామని చెప్పొచ్చు. ఆ మాటకు ప్యాకేజీ ఉండదు.

విజయ_డాలస్

ఈ థ్రెడ్ చదివి రాయకుండా ఉండలేకపోయాను. నాది జుట్టు కాదు, పొట్ట. ఇద్దరు పిల్లలు, రెండూ సిజేరియన్లే. పొట్ట కండరాలు విడిపోయి, రెండోవాడికి నాలుగేళ్లొచ్చినా గుళ్లో ఎవరో ఒకరు "ఎన్నో నెల?" అని అడిగేవారు. డాలస్‌లో 14,000 డాలర్లు చెప్పారు. హైదరాబాద్‌లో రెండున్నర లక్షలు. అమ్మావాళ్ల ఇల్లు హాస్పిటల్‌కి అరగంట. ఇందులో ఆలోచించడానికేముంది అనుకున్నాను.

సర్జన్ మంచి చదువు ఉన్నాయన. సర్జరీ బాగా చేశాడు. ఇప్పటికీ ఆయన మీద నాకు కోపం లేదు. పొట్టకు రెండు వైపులా డ్రెయిన్ గొట్టాలు పెట్టారు. చివర గుండ్రటి బల్బులో ఎర్రనీళ్లు చేరేవి. అమ్మ పొద్దునా సాయంత్రం వాటిని కొలతగ్లాసులో పోసి, గోడ క్యాలెండర్ మీద పాలవాడి లెక్క పక్కనే రాసేది. కుడి 60 మి.లీ., ఎడమ 45. రోజుకు 30 కంటే తగ్గితే గొట్టాలు తీస్తామన్నారు. పన్నెండో రోజు నా టికెట్. పదకొండో రోజుకి కూడా కుడివైపు 40 ఉంది. నేనే బతిమాలి తీయించుకున్నాను. పిల్లలు డాలస్‌లో వాళ్ల నాన్న దగ్గర ఉన్నారు, లీవు అయిపోయింది, ఏం చేయను?

డాలస్ చేరిన నాలుగో రోజుకి పొట్టలో నీళ్లు చేరి, పక్కకు తిరిగితే లోపల కదులుతున్నట్టు తెలిసేది. సెరోమా అంటారు. హైదరాబాద్‌లో ఉంటే ఓపీలో సూదితో లాగేసే పని. ఇక్కడ నలుగురు ప్లాస్టిక్ సర్జన్లకు ఫోన్ చేశాను, వేరేవాళ్లు చేసిన సర్జరీని ముట్టుకోమన్నారు. చివరికి జ్వరం వచ్చాక ఎమర్జెన్సీకి వెళ్లాను. కాస్మెటిక్ సర్జరీ తాలూకు సమస్య కనుక కవర్ కాదని ఇన్సూరెన్స్ రాసింది. బిల్లు వాయిదాల్లో రెండేళ్లు కట్టాను. మొత్తం కూడితే డాలస్ రేటుకి పెద్ద తేడా లేదు.

నేను చెప్పేది వెళ్లొద్దని కాదు. నేను సర్జరీకి డబ్బు లెక్కేశాను, మానడానికి పట్టే రోజులు లెక్కేయలేదు. ఇంకో మూడు వారాలు అమ్మ దగ్గర ఉండి ఉంటే ఇదేదీ జరిగేది కాదు.

హరి_ఫ్రిస్కో

విజయ గారూ, విని బాధేసింది. కానీ అమెరికాలోనే చేయించుకుంటే భయం లేదా? హీరోయిన్ ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో న్యూజెర్సీలో చనిపోయినప్పుడు మనందరం షాకయ్యాం. అంతకు కొద్ది వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో అన్ని వార్తల్లోనూ వచ్చింది. ఆవిడ ఉండేది అక్కడే.

విజయ_డాలస్

నిజమే హరి గారూ. ఆ రోజు అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఏ దేశమైనా కత్తి కత్తే. నేననేది ఒక్కటే, ఏదైనా తేడా వస్తే చేసిన డాక్టర్ గుమ్మం ఎంత దూరం అని.

లీడ్స్_నర్సు

చట్టం విషయం కూడా ఇలాంటిదే. ఇండియాలో డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. రెండేళ్ల లోపు కేసు వేయాలి. కానీ ఉద్యోగం ఇక్కడ, వాయిదాలు అక్కడ అయితే ఎన్నిసార్లు తిరుగుతారు? ఇస్తాంబుల్‌లో అయితే లాయర్‌తో మాట్లాడే భాష కూడా మనది కాదు.

కిరణ్_బర్మింగ్‌హామ్

పీజీ గారు రాసింది చదివాక అద్దంలో తల వెనక చూసుకున్నాను. నాకు 3,800 తీశారు. అప్పుడు ఎక్కువ పెడుతున్నారని ఆనందపడ్డాను. వెనక కాస్త పలచగానే ఉంది, బార్బర్ కూడా ఒకసారి అన్నాడు, పట్టించుకోలేదు. శ్రీనూ, ఇస్తాంబుల్ వద్దని ఇప్పటికీ చెప్పను. అక్కడ కూడా రోజుకు ఒక్క పేషెంట్‌నే చూస్తూ, తనే కూర్చుని చేసే డాక్టర్లున్నారు. వాళ్ల రేటు నేను కట్టినదానికి రెండింతలు పైనే. నేను వాళ్ల దగ్గరికి వెళ్లలేదు.

శ్రీను_ఈస్ట్‌హామ్

అందరికీ థ్యాంక్స్, ముఖ్యంగా విజయ అక్కకి. రాత్రి ఇస్తాంబుల్ క్లినిక్‌కి మెసేజ్ పెట్టాను. వెంట్రుకలు తీసేది ఎవరు, ఆ డాక్టర్ పేరు చెప్పండి, గ్రాఫ్టులు 2,500 దాటొద్దు, తిరిగొచ్చాక ఇన్ఫెక్షన్ అయితే నేను ఎవరితో మాట్లాడాలి, ఈ మూడే అడిగాను. పొద్దున జవాబు వచ్చింది. రేటు ఇంకో వంద పౌండ్లు తగ్గించారు, డిపాజిట్ ఇవాళే కట్టమన్నారు. మూడు ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు లేదు.

డిపాజిట్ కట్టలేదు. ఇక్కడ స్కిన్ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, ముందు మందులు వాడి చూస్తాను. సంక్రాంతికి వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో ఇద్దరు డాక్టర్లకు తల చూపించి వస్తాను, ఆ ట్రిప్‌లో చేయించుకోను. పీజీ గారూ, వాళ్లను ఏమేం అడగాలో కాస్త రాసి పెట్టగలరా?

పీజీ_ప్లాస్టిక్స్

రాస్తాను. ముందు మీ తల వెనక భాగం ఫోటో ఒకటి, ఎండలో తీసి, మీ దగ్గర ఉంచుకోండి. ఆరు నెలల తర్వాత అదే చోట, అదే వెలుతురులో ఇంకోటి తీయండి. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూపించండి. మిగతావి రేపు డ్యూటీ అయ్యాక రాస్తాను.